పైనుంచి పిలుపు

తమ్ముడూ,

చల్లగా ఉండు. ఫోన్ చేస్తే మీ బావ వింటారని ఉత్తరం రాస్తున్నాను. పక్షవాతం మాటను పట్టుకుపోయింది గానీ చెవులు మాత్రం పాము చెవులే. నువ్వు తెచ్చిపెట్టిన కంప్యూటర్ ఆయన మంచం పక్కనే ఉంచాను. తెర మీద రంగురంగుల గీతలు లేచి పడుతున్నాయి. నిన్న బాగా పైకి లేచాయి, ఆయన జావంతా తాగేశారు. ఆసుపత్రి మిషనులో ఒక్క గీతే ఉండేది. ఇందులో ఎన్నో!

నీ అక్క

తా.క. వైరు ఆయనకెక్కడ తగిలించాలో చెప్పకుండానే వెళ్లావు. మెడ కింద దూర్చాను.

*

అక్కకు,

నమస్కారం. ముందు ఆ వైరు తియ్యి తల్లీ! అది గుండెను చూసే మిషను కాదు. వేరే లోకాల్లో మనలాంటి తెలివైనవాళ్లు ఉన్నారేమో, వాళ్ల పిలుపు వినపడుతుందేమోనని శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద యాంటెన్నాలు పెట్టి ఆకాశాన్ని వింటున్నారు. విన్నదాన్ని ముక్కలు చేసి, ఇష్టపడ్డవాళ్ల ఇళ్లకు పంపుతారు. ఖాళీగా ఉన్న కంప్యూటర్ ఆ ముక్కను జల్లెడ పట్టి తిరిగి పంపుతుంది. నీ దగ్గర ఊరికే ఉంటుంది కదా అని దాన్ని ఆ పనికి ఇచ్చాను. ఆ గీతలకూ బావకూ సంబంధం లేదు.

నీ తమ్ముడు

తా.క. ఇంతవరకూ పైనుంచి ఎవరూ పిలవలేదట.

*

ఒరేయ్,

నీకు బుద్ధుందా? మంచాన పడ్డ మనిషి పక్కన పైనుంచి పిలుపు ఎప్పుడొస్తుందో చూసే మిషను పెడతావా? నీ ఉత్తరం పక్కింటావిడకు చదివి వినిపించాను. అంతే, వీధంతా దిగింది. ఇస్త్రీ అతను వాళ్ల అత్తగారి పేరు కూడా అందులో వెయ్యమంటాడు. ఎందుకయ్యా అంటే, ఊరికే తెలుసుకుందామని అంటాడు.

రానివ్వను. గీతలు మరీ లేస్తే పీకేద్దామని స్విచ్చి మీద చెయ్యేసి ఇక్కడే కూర్చున్నాను. తిండి కూడా ఇక్కడే.

నీ అక్క

తా.క. ఎడమ చెయ్యి ఒకటే గుంజుతోంది. కంప్యూటర్ వేడికేమో.

*

అక్కా,

పై లోకం కాదే, వేరే గ్రహాలు! యముడికీ కంప్యూటర్‌కూ చుట్టరికం లేదు. ఆదివారం వచ్చి నేనే కట్టేస్తాను. ఈలోపు బావకు పూటపూటా మందులు వెయ్యి. ఆయన్ని కనిపెట్టుకుని ఉండు.

నీ తమ్ముడు

తా.క. స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే గుంజక ఏమవుతుంది? కాస్త నూనె రాసుకో.

*

బావమరిదీ,

కుడిచెయ్యి రాదు. ఎడమ చేత్తో రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. మీ అక్క నిన్న మధ్యాహ్నం పోయింది.

స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి తల వాల్చింది. పక్కింటావిడ వచ్చి, పాపం అలిసిపోయిందని దుప్పటి కప్పి వెళ్లింది. నేను పిలిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

చెయ్యి గుంజుతోందని తను అన్నప్పుడల్లా విన్నాను. ముప్పై ఏళ్లు మందుల షాపులో నిలబడ్డవాణ్ణి, ఆ నొప్పి ఏమిటో నాకు తెలుసు. రాసి చూపుదామంటే కాగితం, కలం చేతికందవు; చెప్పాలని మూలిగాను. దాహమనుకుని నీళ్లు పట్టింది. మళ్లీ మూలిగాను. మళ్లీ పట్టింది.

తన ఫోన్ తెరవడం ఎవరికీ చేతకాలేదు. నీ ఉత్తరం మీదున్న చిరునామా చూపించి, ఈ కాగితమిచ్చి ఇస్త్రీ అతన్ని బస్సెక్కిస్తున్నాను. మీ అక్కను ఆసుపత్రి శవాల గదిలో ఉంచారు. ఆదివారం దాకా ఆగకు.

మీ బావ

తా.క. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ముందు తెర చూస్తున్నారు. గీతలు బాగున్నాయి, నాకింకేం భయం లేదని ధైర్యం చెప్పి వెళ్తున్నారు.