వడ్డీ తగ్గినందుకు కుప్పం ప్రయాణం

మదనపల్లె,
మార్చి 2023

గోవిందప్ప గారికి,

నమస్కారం. ధరలను అదుపులో పెట్టడానికి రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, మళ్లీ పెంచింది. మీ ఇంటి లోను మారే వడ్డీ మీద ఉంది కాబట్టి మీకూ పెరిగింది. నెల కంతు పెంచితే మీకు భారమని దాన్ని అలాగే ఉంచి, గడువు పొడిగించాము. మీ అరవై ఏడో ఏట తీరవలసిన లోను ఇప్పుడు డెబ్బై మూడో ఏట తీరుతుంది. ఇబ్బందికి చింతిస్తున్నాము.

ఇట్లు,
వీణ,
ఇంటి లోన్ల అధికారి

తా.క. అభ్యంతరం ఉంటే రాయగలరు.


పుంగనూరు,
మార్చి నెలాఖరు

వీణ మేడం గారికి,

టైలరు గోవిందప్ప దండాలు. ఉత్తరం అందింది. అభ్యంతరం లేదు.

ఒక్క సంగతి. పోయినేడు కుప్పం పెద్దాసుపత్రిలో నా గుండెకు స్టెంటు వేశారు. అది మీ బ్యాంకుకు తెలుసా? తెలిసే డెబ్బై మూడని రాశారా? నాకు పట్టింపు లేదు. మా ఇంటామె పార్వతమ్మ కనుక్కోమంటోంది.

ఇంతే సంగతులు,
గోవిందప్ప

తా.క. ఇది పార్వతమ్మ చెప్పగా రాసింది: "అమ్మా, అంత పెద్ద బ్యాంకు ఊరికే ఇస్తుందా? మనిషి ఉంటాడని తెలుసుకునే గదా అంత కాలం ఇచ్చినారు. మీ నోరు సల్లగుండ."


మదనపల్లె,
ఏప్రిల్ 2023

గోవిందప్ప గారికి,

మీ ఆరోగ్యం సంగతి మాకు తెలియదండీ. గడువును కంప్యూటరు లెక్క కడుతుంది. వడ్డీ పెరిగితే మీరు కట్టే కంతులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అసలు మెల్లగా తరుగుతుంది. అందుకే ఏళ్లు పెరిగాయి. అంటే ఇది మీకు నష్టం. పార్వతమ్మ గారు దీవెన అనుకుంటున్నట్టున్నారు. దయచేసి ఆమెకు వివరంగా చెప్పండి.

శుభాకాంక్షలతో,
వీణ

తా.క. మందులు మాత్రం మానకండి. ఇది బ్యాంకు తరఫున కాదు, నా తరఫున.


పుంగనూరు,
మే నెల

వీణ మేడం గారికి,

వివరం నాకు అర్థమైంది. పార్వతమ్మకు మాత్రం చదివి వినిపించలేదు. ఆమె సంతోషంగా ఉంది, ఎందుకు చెడగొట్టాలి.

స్టెంటు వేశాక నేను వారం దాటే పని ఒప్పుకోవడం మానేశాను. గుడ్డ ఇచ్చినవాళ్లు చొక్కా కోసం వచ్చేసరికి నేను లేకపోతే వాళ్లేం చేస్తారు? ఇప్పుడు ఆమె బలవంతం మీద గంగులయ్య కొడుకు పెళ్లి సూటు ఒప్పుకున్నాను. పెళ్లి శ్రావణంలో.

ఇంటామె తృప్తి కోసం రాస్తున్న,
గోవిందప్ప

తా.క. పార్వతమ్మ మాట: "మా పక్కింటి నూరుల్లాదీ మీ బ్యాంకే. ఆయనకు రెండేళ్లే పెంచినారంట. ఆయన పెండ్లాం జుబేదా నిన్నట్నుంచి ఏడుస్తాండాది. సూస్తే మనిషి గుండ్రాయి మాదిరి ఉండాడు. ఆయనకూ రోంత పెంచండమ్మా."


మదనపల్లె,
జూన్ 2025

గోవిందప్ప గారికి,

చాలా రోజులకు మంచి కబురు! రిజర్వు బ్యాంకు ఈ ఏడాది రెపో రేటు తగ్గిస్తూ వస్తోంది. ఇక్కడ ఊరి చుట్టూ మళ్లీ పునాదులు తవ్వుతున్నారు. ఆగిపోయిన ఇళ్లకు సిమెంటు లారీలు వస్తున్నాయి. నా బల్ల ముందు కుర్చీ ఖాళీ ఉండడం లేదు. మీకు కూడా ఏకంగా మూడేళ్లు తగ్గించాము. డెబ్బైకే అంతా ముగిసిపోతుంది. కుటుంబసమేతంగా పండగ చేసుకోండి!

ఆనందంతో,
వీణ

తా.క. నూరుల్లా గారికి పెంచిన రెండేళ్లూ పూర్తిగా తీసేశాము. జుబేదా గారికి నా అభినందనలు చెప్పండి.


పుంగనూరు,
జూన్ నెలాఖరు

వీణ మేడం గారికి,

కబురు అందింది. పార్వతమ్మ దిగులు పడింది. ఆమె కోసం మరుసటి రోజు తొలి బస్సుకు కుప్పం వెళ్లాము. డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండె బాగుందన్నాడు. మీ ఉత్తరం చూపించాను. అది తన విభాగం కాదన్నాడు.

వచ్చిన దగ్గర్నుంచి కొత్త పని ఒప్పుకోలేదు. శ్రావణం పెళ్లిళ్ల బట్టలకు వచ్చినవాళ్లను వేరే టైలరు దగ్గరికి పంపించాను.

ఆ మూడేళ్లు తిరిగి ఇచ్చే వీలుందా? వడ్డీ ఎక్కువైనా ఫరవాలేదు. నా కోసం కాదు.

ఎదురుచూస్తూ,
గోవిందప్ప

తా.క. పార్వతమ్మ మాట: "తగ్గించే ముందర ఒక మాట అడగొద్దా అమ్మా? జుబేదా మాతో మాట్లాడ్డం మానేసింది. పండగ చేసుకోమని రాసినారే, యాడ చేసుకునేది?"


మదనపల్లె,
జులై 2025

గోవిందప్ప గారికి,

నా మొద్దుతనాన్ని మన్నించండి. ఆ ఉత్తరం మళ్లీ చదువుకుంటే నాకే చెమటలు పట్టాయి.

వీలుంది. గడువు డెబ్బై మూడు దాకా ఉంచి, దానికి బదులు నెల కంతు తగ్గించవచ్చు. అయితే మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతారు. అధికారిగా నేను వద్దనే చెప్పాలి. చెప్పాను. ఫారం పంపుతున్నాను. లోనులో పార్వతమ్మ గారి పేరు కూడా ఉంది కనుక ఇద్దరూ సంతకం చేయాలి.

మీ శ్రేయస్సు కోరే,
వీణ

తా.క. పార్వతమ్మ గారూ, తా.క.లో మీరు రాయించే మాటల కోసం మా శాఖ మొత్తం ఎదురుచూస్తుంది. మీ నిశ్చింత కోసమే ఈ ఏర్పాటు. ఇక దిగులు పడకండి.


పుంగనూరు,
జులై నెలాఖరు

సల్లని తల్లి వీణమ్మకు,

పార్వతమ్మ రాసేది. నా సదువు ఐదో క్లాసు, తప్పులుంటే సర్దుకో.

నిన్న ఆయన ఫారం నా ముందర పెట్టి, "నీ సంతోషం కోసం" అన్నాడు. ఏం సంతోషమప్పా అని మీ ఉత్తరాలూ, ఆయన రాసి పెట్టుకున్న నకళ్లూ లాక్కోని సదివినా. అమ్మా, నేను ఇంతవరకూ మీకు ఒక్క తా.క. కూడా చెప్పలేదు. ఆయన మీకు రాస్తాండాడనే నాకు తెలీదు.

రెపో అంటే ఏందో టీవీలో రోజూ చెప్తాండారు, నాకు తెలీకేమి? "నీకు రెండేళ్లేనా నూరుల్లా?" అని పక్కింటికి పోయి చెప్పొచ్చింది ఈయనే. జుబేదా ఏడ్సింది మాత్రం నిజం. కుప్పం సంగతి వినండి. తెల్లారక ముందే నన్ను లేపి, "నువ్వు దిగులుగా ఉండావు, పా ఆస్పత్రికి" అన్నాడు. నేను నిద్రలో ఉండా.

ఈయన తీరే అంత. పెళ్లయిన కాడ్నుంచి ఆకలైతాండాదని ఒక్క పొద్దూ అన్లేదు. "నీకు ఆకలిగా ఉండాదేమో" అంటాడు. భయమని యాడంటాడు?

స్టెంటు వేసినాక గ్యాసు బుక్కు యాడుండాదో, కరెంటు బిల్లు ఎట్ల కట్టాల్నో నాకు నేర్పిస్తా వచ్చినాడు. నేను నేర్చుకోనని మొండికేసినా. మీ తొలి ఉత్తరం వచ్చినాక ఆ పాఠాలు ఆగిపోయినాయి. మనిషి కత్తెర పట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ పాఠాలు మొదలుపెట్టినాడు.

అందుకే నేనూ సంతకం పెట్టినా. కంతు తగ్గి మిగిలే దుడ్డు నేను మీ బ్యాంకుకే తెచ్చి అసలుకు కట్టేస్తా. మీ వడ్డీ తప్పుతాది. ఆయన పేరుతో పంపే కాగితంలో మాత్రం డెబ్బై మూడనే ఉండాల. ఇది ఆడోళ్లిద్దరి మధ్య మాట.

నీకు అమ్మలాంటి,
పార్వతమ్మ

తా.క. ఇది నేనే చెప్పి నేనే రాసేది. ఫారం పోస్టు చేసి వచ్చి, అన్నం తింటా ఒక మాటన్నాడు. మేడ మీద ఒక రూము వేస్తే ఎన్నేళ్ల లోను ఇస్తారో కనుక్కోవాలంట. ఆయనకు పట్టింపు లేదంట, నాకే ఆశగా ఉండాదంట. నిజమే అమ్మా, ఉండాది.