పూడ్చిన మగ్గం గుంట

అమ్మకూ నాన్నగారికీ సుందరి నమస్కరించి రాసేది. ఇక్కడ భయం తీరింది. నాన్నగారూ, మీరు పనులు మానుకుని రానక్కర్లేదు.

విరేచనాలు తగ్గిన పదో రోజున వారికి కాళ్లు చచ్చుబడ్డాయని పోయిన కార్డులో రాశాను గదా. పొద్దంతా కాళ్లు దించి నేసే మగ్గం గుంటలో చెమ్మ వల్లేనని మామగారు మర్నాడే గుంట పూడ్చేశారు. బెజవాడ తీసుకెళ్తే డాక్టరుగారు చూసి, "గుంట తప్పేం లేదు. ఆ విరేచనాల జబ్బే పోతూ పోతూ నరాలను పట్టింది. కొందరికి ఇలా అవుతుంది, మెల్లగా తేరుకుంటారు" అన్నారు. రోజూ అరికాలి మీద చీపురుపుల్లతో గీసి చూడమని నాకు చెప్పారు. నెల దాటినా వారికి తెలిసేది కాదు. నిన్న గీస్తే, "చాల్లేవే, గిలి పెడుతోంది" అని పెద్దగా నవ్వారు. వాకిట్లో మామగారున్నారు. నాకు సిగ్గేసి వంటింట్లోకి పోయాను.

అమ్మా, గేదె ఈనిందా? వారికి అన్నం సయిస్తోంది, మినప వడియాలు పంపు. మీరూ నీళ్లు కాచి తాగండి. మామగారు మీ ఇద్దరినీ అడిగినట్టు రాయమన్నారు. పొద్దుటి నుంచీ గునపం పట్టుకుని గుంట మళ్లీ తవ్వుతున్నారు.

మీ సుందరి