సమస్య వయసు అరవై ఏళ్ళు

మే 3

మునిసిపల్ ఆఫీసు గుమాస్తా గారికి,

నమస్కారం. నేను పాత బస్టాండు మలుపులో ఉండే దర్జీని. మీరు నన్ను ఎరుగుదురు. పోయిన ఏడాది మీ ప్యాంటు నడుము రెండంగుళాలు వదులు చేసింది నేనే.

మా కొట్టు ముందు మురుగు కాలువకి అడ్డంగా, రెండు వైపుల ఇటుక గోడల మీద మంచమంత బండరాయి ఉంది. దాని కింద చెత్తంతా ఇరుక్కుని, వాన పడితే నీళ్ళు ముందుకు పోలేక తిన్నగా మా కొట్టులోకి వస్తున్నాయి. జూన్ పదికల్లా స్కూలు వాళ్ళకి నూట ఎనభై జతల యూనిఫాంలు కుట్టి ఇవ్వాలి. తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, అన్నీ నేల మీదే గుట్టలు. ఒక్క గట్టి వాన పడితే చొక్కాలు కూడా నీలమే. ఆ తరవాత ఆ స్కూలు నా గుమ్మం తొక్కదు. దయచేసి రాయి తీయించండి.

మీ ఫారం కూడా నింపి పంపుతున్నాను.

ఇట్లు,
పాత బస్టాండు మలుపు దర్జీ

తా.క.: ఫారంలో "సమస్య వయసు" అనే గడి చూసి ఒళ్ళు మండి అరవై ఏళ్ళని రాశాను. ఏమీ అనుకోకండి.

మే 11

గౌరవనీయులైన దర్జీ గారికి,

మీ ఉత్తరం అంది పరమానందం కలిగింది. మా ఆఫీసు నియమం ప్రకారం పదేళ్ళ లోపు సమస్యలు ఇంజనీరింగు విభాగానికి వెళతాయి. యాభై ఏళ్ళు దాటినవి చరిత్ర విభాగానికి, అంటే నా దగ్గరికి వస్తాయి. ఇరవై రెండేళ్ళలో వచ్చిన మొదటి ఉత్తరం మీదే.

పట్టణం పుట్టి వందేళ్ళయిన సందర్భంగా చరిత్ర పుస్తకం వేస్తున్నాం. ఇప్పటికి పదకొండు పేజీలు తయారయ్యాయి. అందులో ఎనిమిది చైర్మన్ గారి ఫోటోలు. పక్క ఊరికి కోట ఉంది, మనకేమో బైపాసు రోడ్డు ఉంది. ఇలాంటి సమయంలో మీ రాయి దొరికింది. పరిశీలనకు పుస్తకం కమిటీ నుంచి ఇద్దరు సభ్యులు వస్తారు. అంతవరకూ రాయిని ఎవరూ ముట్టుకోకూడదు.

ఇట్లు,
తమ విధేయుడు,
చరిత్ర విభాగం గుమాస్తా

తా.క.: ఆ రెండంగుళాలూ మళ్ళీ చాలడం లేదు.

మే 17

గుమాస్తా గారికి,

నేను రాయి తీయమంటే మీరు దాన్ని ఫోటో తీయించారేమిటండీ? రాయి వయసు అరవై అయితే అవనివ్వండి, సమస్య వయసు ఏడాదే. పోయిన ఏడాది మీవాళ్ళు రోడ్డు ఎత్తు పెంచారు చూడండి, అప్పట్నుంచే ఈ పీడ. ఫారంలో అరవై కొట్టేసి ఒకటి వేసి ఇంజనీరింగు వాళ్ళకి పంపండి.

మొన్న మీ సభ్యులిద్దరూ వచ్చారు. నేను గుండీలు కుడుతున్నాను కాబట్టి మా అత్తగారితో మాట్లాడారు. ఎనభై రెండేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో ఆవిడ మాట వినేవాళ్ళు లేరు. కుర్చీ వేసి, టేపురికార్డరు పెట్టి, "చెప్పండమ్మా" అన్నారు. ఇంకేముంది, మూడు గంటలు చెప్పింది. ఆవిడ మాటలు దేనికీ లెక్కలోకి తీసుకోకండి.

మొన్నటి చిరుజల్లుకే నీళ్ళు గడప దాకా వచ్చాయి. నాకు నిజంగా భయంగా ఉందండీ.

ఇట్లు,
దర్జీ

తా.క.: మీ సభ్యుల్లో పొట్టాయన రాయికి దండం పెట్టాడు. దాని మీద పక్కింటివాళ్ళ కుక్క పడుకుని ఉంది, అదేమో తనకే అనుకుంది.

మే 24

గౌరవనీయులైన దర్జీ గారికి,

నమోదైన వయసు తగ్గించే పద్ధతి మా దగ్గర లేదు. పెంచే పద్ధతి ఉంది, ఏటా ఒకటి చొప్పున అదే పెరుగుతుంది.

మీ అత్తగారి వాంగ్మూలం అద్భుతం. ఈ పట్టణానికి మొదట వచ్చినాయన నడిచి నడిచి అలిసి ఆ రాయి మీద కూర్చున్నాడనీ, "ఇక నావల్ల కాదు, ఇక్కడే ఊరు కట్టేద్దాం" అన్నాడనీ, ఆ మాట తాను స్వయంగా విన్నాననీ చెప్పారు. ఊరికి వందేళ్ళు కదా, ఆవిడకి ఎనభై రెండు కదా అని ఒక సభ్యుడు అడిగితే, "నా చెవులు అప్పట్లో బాగా పనిచేసేవి" అన్నారట. కమిటీ దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

జూన్ 5 ఉదయం పది గంటలకు చైర్మన్ గారు శిలాఫలకం ఆవిష్కరిస్తారు. ఆ మర్నాడు రాయి చుట్టూ ఇనుప కంచె వేస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు,
చరిత్ర విభాగం గుమాస్తా

తా.క.: కంచె తలుపు మీ కొట్టు గుమ్మానికి ఎదురుగా తెరుచుకుంటుంది. తమ గుమ్మం తలుపు ఇకమీదట లోపలికి తెరుచుకునేలా చేయించుకోగలరు.

మే 29

పూజ్యులైన గుమాస్తా గారికి,

ముందు నిజం చెప్పేస్తాను. అది మా మామగారు బట్టలు ఉతకడానికి తెచ్చిన బండ. మా అత్తగారు దాని మీద ఇరవై ఏళ్ళు దుప్పట్లు బాది, వాషింగ్ మెషిన్ వచ్చిన రోజున నలుగురు మనుషుల చేత కాలువ మీదికి తోయించింది. అదీ మీ చరిత్ర.

అయినా పోనివ్వండి. నాలుగు రోజులుగా ఆలోచించాను, నాకూ ఊరి మీద గౌరవం కలిగింది. ఒక్కటే మనవి. ఫోటో రోడ్డు మీద నిలబడి దిగితే ఏం బావుంటుంది? చైర్మన్ గారూ, కమిటీ సభ్యులు అయిదుగురూ ఆ రాయి మీదే నిలబడాలి. బాగా దగ్గర దగ్గరగా, మధ్యలో.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి, దర్జీ

తా.క.: చైర్మన్ గారి నడుము కొలత యాభై రెండని విన్నాను. తగ్గలేదు కదా?

జూన్ 7

గౌరవనీయులైన దర్జీ గారికి,

జూన్ 5న జరిగినది మీరు గుమ్మంలోంచి చూశారు కాబట్టి వివరించను. మోకాలి లోతు మురుగే కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు, మాటలు మాత్రం చాలా వచ్చాయి. రాయితో సహా పడ్డ కాలువలోంచి లేస్తూనే చైర్మన్ గారు ఫారం తెమ్మన్నారు. సమస్య వయసు గడిలో "అయిదు నిమిషాలు" అని స్వహస్తాలతో రాశారు. ఇంజనీరింగు విభాగం మధ్యాహ్నానికల్లా క్రేను తెచ్చి రాయి తీసుకుపోయింది. కాలువ కూడా బాగుచేసింది.

మీకు ఉన్నట్టుండి ఊరి మీద గౌరవం పుట్టిందంటే నేను నమ్మలేదు. నాలుగో తేదీ భోజన విరామంలో వచ్చి రాయి కింద చూశాను. మీ గుమ్మం వైపు కాలువ గోడ ఇటుకలన్నీ వదులు చేసి ఉన్నాయి. ఒక్క వైపే వదులు చేస్తే చైర్మన్ గారు జారిపోతారు, రాయి మాత్రం మిగిలిపోతుంది. అందుకని రోడ్డు వైపు ఇటుకలు నేను వదులు చేశాను. మీ మొదటి ఉత్తరాన్ని నేను మూడుసార్లు ఇంజనీరింగుకి పంపాను, మూడుసార్లూ తిరిగొచ్చింది. మీకు చెప్పడానికి సిగ్గేసింది.

నిన్న రాత్రి వాన పడుతుంటే నాకు నిద్ర పట్టలేదు. చొక్కాలు తెల్లగానే ఉన్నాయా?

ఇట్లు,
గుమాస్తా

తా.క.: నీళ్ళు రాకపోతే ఆ ముక్క ఒక్కటి రాసి పంపండి. సమస్య తీరిందని ఈ ఆఫీసుకి ఇంతవరకూ ఒక్క ఉత్తరమూ రాలేదు. పన్నెండో పేజీలో వేసుకుంటాను.