తలగడ కింద ముక్కుపుడక

వరలక్ష్మీ,

నువ్వు వెళ్లిపోయి రేపటికి ఏడాది. అమ్మాయి నీ రవ్వ ముక్కుపుడక పెట్టుకుంటానంటే, మర వదులైందని ఫరంపేట కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రాయి మీద నోటి ఆవిరి ఊది, మసక పోయేదాకా చూశాడు.

"రవ్వయితే ఆవిరి నిలవదండి. ఇది అమెరికన్ డైమండండి. గాజు కాదు, మిషన్లో చేసిన రాయి. మెరుపులో రవ్వకేం తీసిపోదండి," అన్నాడు.

కాకినాడలో కొని తెచ్చాక, అచ్చొస్తుందో లేదో చూడాలని మూడు రాత్రులు దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నావు. పీడకల వస్తే వెనక్కి ఇచ్చేయాలన్నావు. నాలుగో రోజు పొద్దున్నే, "ఏ కలా రాలేదండి, ఉంచేసుకుందాం," అన్నావు. రవ్వకి పెట్టే పరీక్షలో ఆ రాయి నెగ్గింది.

అమ్మాయికి సంగతంతా చెప్పాను. అయినా అదీ మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుంది. ఇవాళ కాఫీ ఇస్తూ, "అమ్మ కల్లోకొచ్చింది నాన్నా. ముక్కు బోసిగా ఉంది," అంది.

నిన్ను గోదారి గట్టుకి తీసుకెళ్లే ముందు దాన్ని తీసింది నేనే. రవ్వ కదా, బూడిదలో పోనివ్వడం ఎందుకనుకున్నాను. రవ్వ కాదని అప్పుడే తెలిసుంటే, నీ ముక్కుకే ఉంచేసేవాణ్ణి.