తడి ఆరని ఏరు

నవంబరు 7
మా అమ్మాయి వేసిన బొమ్మని ఎగ్జిబిషన్‌కి తీసుకున్నారు. ఏళ్ల తరబడి పంపుతోంది, తీసుకోవడం ఇదే మొదలు. శుక్రవారం అప్పజెప్పాలి. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పాలవాడికి చెప్పాను. కింది పోర్షన్ వాళ్లకి చెప్పాను. చెప్పిన సంగతి మర్చిపోయి మళ్లీ చెప్పాను.

నవంబరు 8
బొమ్మలో ఉన్నది పొద్దుటి మంచులో ఏరు. దగ్గరికెళితే ఏరూ లేదు, మంచూ లేదు. నీలం ముద్ద, పక్కన నారింజ ముద్ద. జన్మంతా గోడలకి రంగులేసినవాణ్ణి, బ్రష్ గీత కనబడితే మేస్త్రీ చేత తిట్లు తిన్నవాణ్ణి. రంగులు కలిపి వెయ్యకూడదా తల్లీ అన్నాను. కలిపితే చచ్చిపోతాయట. చూసేవాళ్ల కన్నే కలుపుకుంటుందట. నీడల్లో కూడా నలుపు లేదు, ఊదా. వెనక్కి నడిచి చూడమంది. గది చాలక మెట్ల మీదికెళ్లి తలుపులోంచి చూశాను. నీళ్ల మీద మంచు కదులుతోంది. నిజంగా చలేసింది. నా బంగారు తల్లి.

నవంబరు 9, ఉదయం 6
కొంప ముంచాను. ఆరిందో లేదో అని బొటనవేలు పెట్టాను. గోడనైతే అలాగే చూస్తాం, చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. గోడైతే ఈపాటికి ఎప్పుడో ఆరేది. ఈ ఆయిల్ రంగు లోపల వెన్నలా ఉంది. సరిగ్గా ఏటి మధ్యలో నా వేలు.

అదే రోజు, 8
చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. చిన్న కత్తి తీసుకుని ఆ మచ్చని గీకేసింది.

నవంబరు 11
మళ్లీ వేస్తే కుదరడం లేదట. ఆ వెలుతురు కళ్లారా చూడాలట. ఏటి గట్టుకి వెళ్లాం, బొమ్మ నిలబెట్టే స్టాండ్ నేనే మోశాను. మంచు లేదు. వట్టి ఎండ.

నవంబరు 12
మంచు పడింది. సూర్యుడు పైకొస్తే ఆ రంగు ఉండదని గబగబా వేసింది. అంతా కుదిరింది, ఆ మధ్య చోటు తప్ప. అక్కడ బ్రష్ పెడితే గీత తేలుతోంది. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని దూరంగా అటూ ఇటూ తిరుగుతున్నాను. పిలిచింది.
“నాన్నా, ఆ వేలు మళ్లీ పెట్టు. ఈసారి మెల్లిగా.”
నావల్ల కాదన్నాను. చెయ్యి పట్టుకుని పెట్టించింది. తెలుపు నీలం మీదికి మసగ్గా జారింది. ఇద్దరం వెనక్కి నడిచాం, ఇంకా వెనక్కి. అక్కడ మంచు లేచింది.

నవంబరు 13
ఎగ్జిబిషన్‌లో బొమ్మ గోడెక్కింది. అన్నం స్పూన్‌తో తింటున్నాను. రంగంటిన బొటనవేలు ఇంకా కడగలేదు.