పిన్ను నువ్వే వేసేవాడివి

ఫిబ్రవరి 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ వదినా, నీ కూతురూ కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క ఉత్తరానికీ జవాబు రాయనివాడి గురించి అంతకు మించి ఏమనుకోగలను? ఏడాదికి రెండు రాయడం నా అలవాటు. ఇది లెక్కలో లేనిది. రాయకుండా ఉండలేని పని పడింది కనుక రాస్తున్నాను.

జీపు మీది టార్పాలిన్ తీశారు. తీసింది నేను కాదు, నీ కూతురు.

దానికి భూముల సర్వే ఆఫీసులో ఉద్యోగమని కిందటిసారి రాశాను కదా. ఇప్పుడు కొండ మీది భూములు కొలిచే పని అప్పజెప్పారు. బస్సు పోని చోట్లకి పోవాలి. షెడ్డులో మన జీపు పడుంటే వేరే బండెందుకు పెదనాన్నా, బాగు చేసుకుందాం అంది. అది బండి కాదే, తుక్కు అన్నాను. తుక్కయితే ఇన్నేళ్ళూ ఎందుకు దాచావు అంది. ఏం చెప్పను? మీ వదిన మాత్రం తెగేసి చెప్పింది. పిల్ల తల్లిని మింగిన బండి అది, దాన్ని ముట్టుకుంటే నేను ఈ ఇంట్లో ఉండను అని. ఇంట్లోనే ఉందిలే. నాతో మాట్లాడటం ఒక్కటే మానేసింది. వంట మానలేదు, అదే పదివేలు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నీ కూతురు ఆ ఇద్దరి కంటే ఒక మెట్టు పైన. ఆఫీసు లేని రోజుల్లో తెల్లారగానే షెడ్డులో ఉంటోంది. ఎయిర్ క్లీనరు నిండా ఎలుకల గూడు. ఇంజను పట్టేసి రాయిలా ఉంది. సిలిండర్లలో డీజిలు పోసి పది రోజులు నానబెట్టాం. రోజూ పొద్దున హ్యాండిలు పెట్టి తిప్పి చూడటం, కదలకపోతే దాన్ని తిట్టుకోవడం, ఇదే మా దినచర్య. తుప్పు పట్టిన బోల్టుల సంగతి నీకు చెప్పక్కర్లేదు. నాలుగింట మూడు విరిగాయి. గ్యాసు మంటతో కాల్చి, సుత్తితో బతిమాలి, నా తలప్రాణం తోకకొస్తోంది. అదేమో విరిగిన ప్రతి ముక్కకీ చీటీ కట్టి, ఫొటో తీసి, డబ్బాల్లో వరసగా సర్దుతోంది. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. ముచ్చటతో పాటు ఏదో గుబులు కూడా, అది ఎందుకో అడక్కు.

నువ్వు వద్దంటే ఈ పని ఆపేస్తాను. ఒక్క ముక్క రాయి చాలు. రాస్తావని ఆశ లేదు.

నీ అన్నయ్య


ఏప్రిల్ 20, ఆదివారం

తమ్ముడికి,

ఆశీస్సులు. మేం బాగున్నాం. మీ వదిన మళ్ళీ మాట్లాడుతోంది, కాకపోతే నాతో కాదు, గిన్నెలతో.

ముందు మంచి వార్త. ఇంజను లేచింది. పది రోజుల కిందట, గురువారం సాయంత్రం నీ కూతురు హ్యాండిలు తిప్పింది. రెండుసార్లు దగ్గింది, మూడోసారి నల్లగా పొగ కక్కి అందుకుంది. అది గెంతిన గెంతుకి షెడ్డు రేకులు అదిరాయి. నా భుజాలు పట్టుకుని ఊపేసింది. చిన్నప్పుడు నీ మెడ మీద ఎక్కి ఊరేగిన పిల్ల నవ్వు మళ్ళీ విన్నాను. నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. పొగ వల్ల అన్నాను. ఎన్ని నెలలు ఏడిపించినా, పాత బండి ఒక్కసారి లేచిందంటే అంతా మరిపించేస్తుంది. ఆ సంతోషం నీకు తెలుసు. మనిద్దరం కలిసి ఎన్నిసార్లు చూశాం.

ఇక రెండో సంగతి.

చక్రాల పని చేస్తూ పిన్నుల దగ్గర ఆగింది. నట్టు ఊడి రాకుండా దాని గుండా దూర్చి కాళ్ళు మడుస్తామే, ఆ పిన్నులు. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒక కాలు బోల్టు నెత్తి మీదికి వంగి, రెండోది పొట్టిగా కత్తిరించి కిందికి అణిగి ఉంది, ఎవరు వేశారు అంది. నేను గొప్పకు పోయి చెప్పాను. మీ నాన్న అని. నేను బిగిస్తాను, వాడు పిన్ను వేస్తాడు, మా షెడ్డులో అదే పద్ధతి, నా లావు వేళ్ళు ఆ సందుల్లో దూరవు అని. పనివాడి చేతిరాత అది, ఎక్కడున్నా గుర్తుపడతాను అని కూడా అన్నాను. నా నోటికి తాళం లేదు.

ఆ తర్వాత అది స్టీరింగు వైపు చూడటం మొదలుపెట్టింది. ఆ పని నేను చేస్తాను, నువ్వు ఆఫీసుకి పో అన్నాను. సోమవారం అది వెళ్ళాక, స్టీరింగుని చక్రాలకి కలిపే ఆ రాడ్డులన్నీ విప్పి పారేసి కొత్తవి బిగించాలనుకున్నాను. సోమవారం నేను లేచేసరికే అది బండి కింద పడుకుని ఉంది. సెలవు పెట్టిందట.

ఎడమ చక్రం వైపు రాడ్డు చివర ఉన్న నట్టు దగ్గర చాలాసేపు టార్చి కదల్లేదు. తర్వాత లోపలినుంచే అడిగింది. పెదనాన్నా, ఇదొక్కటే వేరేగా ఉందేంటి అని. నట్టు వేరే రకం, పిన్ను కాళ్ళు రెండూ పక్కకి విరిచేసినట్టున్నాయి, ఇది నాన్న వేసింది కాదుగా అని. ఎవరో మధ్యలో మార్చి ఉంటారు, ఇరవయ్యేళ్ళ నాటి మాట నాకేం గుర్తు అన్నాను. బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నా వేళ్ళ వంక చూసింది. నా మొహం వంక చూసినా అంత భయం వేసేది కాదు.

ఇప్పుడు ఆ నట్టూ పిన్నూ విడిగా ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బా తన గదిలో పెట్టుకుంది. మిగతావన్నీ షెడ్డులోనే ఉన్నాయి.

అది పిల్ల. నలుగురూ ఏదో అంటే విని పెరిగింది. లేనిపోనివి ఊహించుకుని నీకు ఉత్తరం రాసినా రాయొచ్చు. రాస్తే, గుర్తులేదని రాయి. లేదా ఎప్పటిలా రాయకుండా ఉండు. మానిన పుండుని గోకితే ఎవరికి లాభం? పెద్దవాణ్ణి, నీ మంచికే చెబుతున్నాను.

నీ అన్నయ్య


జూన్ 14, శనివారం

ప్రియమైన తమ్ముడికి,

అన్నయ్య దీవెనలు. నువ్వు పనిచేసే కలప డిపోలో ఈ వానలకి ఇబ్బందిగా ఉండి ఉంటుంది. తుంటి నొప్పి ఎలా ఉంది? ఆ రోజు దెబ్బ తగిలిన చోటే వానాకాలంలో ఎక్కువ సలుపుతుందని డాక్టరు అప్పుడే చెప్పాడు. మీ వదినకి మోకాళ్ళు. నాకు చెప్పుకోదగ్గ రోగం ఏదీ లేదు, నిద్ర లేకపోవడం తప్ప.

నువ్వు దానికి జవాబు రాశావు.

మే నెల చివర్లో కవరు వచ్చింది. తలుపు తీసి అందుకున్నది నేనే. పంతొమ్మిదేళ్ళ తర్వాత నీ దస్తూరీ చూశాను. నా పేరుకి కాదు, దాని పేరుకి. కాసేపు ఆ కవరు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. పొయ్యిలో పడేద్దామా అనే బుద్ధి కూడా పుట్టింది, నీ దగ్గర దాచను. వెనక్కి తిరిగితే అది గుమ్మంలో ఉంది. చెయ్యి చాచింది. ఇచ్చేశాను. అక్కడే నిలబడి చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని షెడ్డులోకి పోయింది. ఏం రాశాడే అని మీ వదిన రెండుసార్లు అడిగింది. క్షేమమేనట పెద్దమ్మా అంది. నేను అడగలేదు.

ఆ రోజునుంచి పని ఇంకా చురుగ్గా సాగింది. మాటలు మాత్రం పానాలూ స్క్రూడ్రైవర్లూ అడగడానికే. బ్రేకులు కొత్తవి వేశాం. నాలుగు చక్రాలూ ఒక్కసారి తిప్పే గేరు లివరు వారం రోజులు మొరాయించి చివరికి దారికొచ్చింది. వంగిన ముందు భాగాన్ని గొలుసుతో లాగి సరిచేశాం. పిన్నులన్నీ అదే వేసింది. ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి, అచ్చు నీలాగే. నన్ను ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు.

నిన్న ట్రయలు చూద్దాం, నువ్వు నా పక్కన కూర్చో పెదనాన్నా అంది. మీ వదిన వీధి గుమ్మం దాకా వచ్చింది. ఊరు దాటాక ఘాట్ రోడ్డు వైపు తిప్పింది. ఇటెందుకే అన్నాను. కొండ బండిని కొండ మీదే చూడాలి కదా, నువ్వే అనేవాడివి అంది. బండి చక్కగా ఎక్కింది, తమ్ముడూ. కూత లేదు, కుదుపు లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఏ బండిలోనూ అంత భయపడలేదు.

నాలుగో మలుపు దగ్గర పక్కకి తీసి ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగింది. కింద లోయలో ఇప్పుడు చెట్లు బాగా పెరిగాయి, ఏమీ కనబడదు. ఇక్కడే కదా పెదనాన్నా అంది. అవునన్నాను. ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి చెప్పు, అంది. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. మరదలి డ్యూటీ అయిపోయాక కొండ మీది ఆసుపత్రినుంచి నువ్వు తీసుకొస్తున్నావని, నీకు కునుకు పట్టిందని. ఈసారి ఇంకో మాట కలిపాను, స్టీరింగు రాడ్డు జాయింటు కూడా కొంత అరిగిపోయి ఉండొచ్చు, బండి పాతది కదా, తప్పంతా మీ నాన్నదే అనలేం అని. అది నా వంక తిరగలేదు. బండి వెనక్కి తిప్పి ఇంటికి తెచ్చేసింది.

దిగాక చెప్పింది. ఆదివారం నేను నాన్న దగ్గరికి వెళ్తున్నా, నువ్వేమైనా రాసిస్తే తీసుకెళ్తా అని. తనకి పన్నెండేళ్ళప్పుడు, నువ్వు వచ్చి గేటు దగ్గర గంటసేపు నిలబడితే లోపలినుంచి తలుపు వేసుకున్న పిల్ల ఇది. ఇప్పుడు తనే బయల్దేరి వస్తోంది. అంతకంటే ఏం కావాలి? ఆ జాయింటు అరుగుదల సంగతి నీకూ చెబుతున్నాను. ఇకమీదట తప్పంతా నెత్తిన వేసుకుని కుమిలిపోకు. దాన్ని ఆదరించు. అన్నం తిని ఎన్నాళ్ళయిందో అన్నట్టుంది, పెట్టి పంపించు.

నీ మేలు కోరే
అన్నయ్య

తా.క.: పొద్దున పైదంతా రాసి మడిచాను. ఇప్పుడు మధ్యాహ్నం. మళ్ళీ విప్పాను. జాయింటు అరగలేదు, తమ్ముడూ. అది అబద్ధం. ఈ ఉత్తరంలోనే కాదు, అన్ని ఉత్తరాల్లోనూ అబద్ధమే.

ఆ రోజు పొద్దున ఎడమవైపు రాడ్డు మార్చి నట్టు బిగించాను. పిన్ను నీ పని. నువ్వు లోపల పిల్లకి జడ వేస్తున్నావు, మరదలు అప్పటికే డ్యూటీలో ఉంది. నువ్వు వచ్చి వేస్తావులే అని చేతులు కడుక్కోవడానికి పోయాను. కడుక్కుని వచ్చేసరికి వేరే బండివాడు వచ్చి మాటల్లో పెట్టాడు. సాయంత్రం నువ్వు తాళం అడుగుతూ, అయిపోయిందా అన్నావు. అయిపోయింది అన్నాను. బిగించడం అయిపోయిందని నేననుకున్నాను, అన్నీ అయ్యాయని నువ్వనుకున్నావు. ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసిన మనకి తప్ప ఇంకెవరికీ ఆ తప్పు జరగదు.

అక్కడితో ఆగినా దాన్ని పొరపాటు అనొచ్చు. నేను ఆగలేదు. కబురు అందగానే లోయలోకి అందరికంటే ముందు దిగింది నేను. నిన్నూ మరదల్నీ పైకి చేర్చి ఆసుపత్రికి పంపేశాక, బండి దగ్గర కాపలా ఉంటానని చెప్పి ఒక్కణ్ణే ఆగాను. ప్రమాదం జరిగిన బండిని పరీక్షించే ఇన్‌స్పెక్టరు తెల్లారాక గానీ రాడని తెలుసు. రాడ్డు ఊడి వేలాడుతోంది, నట్టు లేదు. నా సంచీలో ఉన్న నట్టు బిగించి పిన్ను వేశాను. ఈ లావు వేళ్ళతో కాళ్ళు రెండూ పక్కకి విరిచాను. అవతల మరదలు అప్పటికి బతికే ఉంది. నేను ఆ పిన్ను దగ్గర కూర్చున్నాను.

స్టీరింగు తిరగలేదని నువ్వు మొత్తుకుంటే, నీకు కునుకు పట్టింది, నీకే తెలియలేదు అని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని రోజూ చెప్పాను. చివరికి నువ్వూ నమ్మావు. నీ కూతుర్ని నేను పెంచింది ప్రేమతోనే, అది నిజం. కానీ నీ మీద అసహ్యం కూడా నా ఇంట్లోనే నేర్చుకుంది, నేను ఒక్కసారీ వద్దనలేదు.

నువ్వు నిద్రపోలేదు. క్షమించమని అడగను, ఆ అర్హత లేదు. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి సోమవారం వెళ్తాను. మీ వదినకి ఇప్పుడే చెప్పాను. పీట మీద కూర్చుని గోడ వంక చూస్తోంది.

రేపటిదాకా ఆగనంటూ నీ కూతురు ఇప్పుడే బయల్దేరుతోంది. బయట ఇంజను ఆన్ చేసి ఉంది. కవరు అంటించడం లేదు. దాని చేతికే ఇస్తున్నాను, ముందు నువ్వే చదువమ్మా అని దానికి చెప్పి.