ఆ నురగ నాదే

అమ్మకు,

ఇక్కడ నాన్న బాగున్నాడు, ఇల్లు బాగుంది, నా నోరు ఎప్పటిలాగే బాగుంది. అక్కడ నువ్వూ, నువ్వు పనికి కుదిరి చూసుకుంటున్న ముసలావిడా కులాసాగా ఉన్నారనుకుంటాను. నా ఒంటి సంగతి కాస్త ఆగి చెబుతాను. కూర్చుని చదువు.

వంటింటి కుళాయి బాగు చేయించావా అని అడిగావు. చేయించలేదు, నేనే విప్పి బిగించాను. నాన్న లైటు పట్టుకుని పక్కన నిలబడి సలహాలిచ్చాడు. అన్నీ తప్పే.

లాండ్రీలో నువ్వు వదిలి వెళ్లిన ఇస్త్రీ మిషనే ఇప్పుడు నాది. ఆవిరి వాసన తగిలితే చాలు, చిన్నప్పటి చలి పొద్దులు గుర్తొస్తాయి. మిషనులోంచి వచ్చిన వేడి దుప్పటి నాకు చుట్టి బల్ల కింద కూర్చోబెట్టేదానివి. సూపర్‌వైజరు అడిగితే "అది మూటండీ" అనేదానివి. మూట తుమ్మేది. కాస్త పెరిగాక దుప్పటి మడతలకు నన్నే పిలిచేదానివి. చెరో అంచూ పట్టుకుని ఎదురుగా నడిచొచ్చి నా కొసలు నీ చేతిలో పెట్టేదాన్ని. ఆ దగ్గరితనం కోసం కావాలనే పెద్ద దుప్పట్లు ఏరి తెచ్చేదాన్ని, నీకు తెలియదు. పెరట్లో ఆరేసిన తెల్లగుడ్డల మధ్య నా తల ఆరబెట్టేదానివి. ఎంత ఎండ తాగామో మనిద్దరం.

ఆ ఎండే ఇప్పుడు నాకు పడదు. బుగ్గలు ఎర్రగా దద్దురెక్కుతాయి, నా లూపస్ జబ్బు రేగుతుంది. చెప్పినా వినకుండా కొత్త సూపర్‌వైజరు నన్నే పెరట్లోకి తోశాడు.

"ఎండకు కందిపోవడానికి నువ్వేమైనా రాణివా?" అన్నాడు.

"రాణినైతే ముందు నిన్నే పీకేసేదాన్ని" అన్నాను. ఉద్యోగం ఉందిలే, కంగారు పడకు.

లూపస్ మాత్రల వల్ల ఫొటోలో నా ముఖం ఉబ్బిందనీ, వాటిని మానేయమని ముసలావిడ చెబుతోందనీ, నువ్వూ మానెయ్ అనీ రాశావు. ఆవిడకు తన కళ్లజోడు ఎక్కడ పెట్టిందో తెలియదని నువ్వే రాశావు కదా. నా సంగతి ఎలా తెలిసింది?

లూపస్ అంటే కీళ్ల నొప్పులే అనుకున్నాం. కాదు. ఒంట్లో జబ్బులతో పోరాడే శక్తి ఉంటుందే, అది దారి తప్పి సొంత ఒంటి మీదే పడుతుంది. నా కిడ్నీల మీద పడింది. కిడ్నీల్లో రక్తాన్ని వడగట్టే జల్లెడలు వాచిపోయాయి. ఒంట్లో నిలవాల్సిన ప్రొటీన్ మూత్రంలో నురగై పోతోంది. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

ఎలా తెలిసిందంటే, లాండ్రీలో బాత్రూములు కడిగే పెద్దమ్మ మీద అరవబోయి తెలిసింది. "సబ్బుపొడి జల్లి నీళ్లు కొట్టకుండా పోతావా పెద్దమ్మా? ఆ నురగ చూడు" అన్నాను.

"ఇవాళ నేనింకా చీపురే ముట్టలేదే తల్లీ. ఆ నురగ నీదే. ఆస్పత్రికి పద, అక్కడ అరుద్దువుగాని" అంది. చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్లింది.

బోర్లా పడుకోబెట్టి, వీపులోంచి సూదితో కిడ్నీలోని చిన్న ముక్క తీసి పరీక్షించారు. వాపు గట్టిగానే ఉందట. మచ్చలు కట్టలేదట. మచ్చ కట్టిన చోటు మళ్లీ పనిచేయదు, వాపు మాత్రం మందుకు లొంగుతుంది అంది డాక్టరమ్మ. పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, కొత్తవీ ఇచ్చింది. తగ్గిస్తే తనే మెల్లగా తగ్గిస్తుందట.

"మళ్లీ" అన్నాను చూడు, అదే దాచిన మాట. నీ ఉత్తరం రాకముందే మాత్రలు మానేశాను. అద్దంలో ఎవరో ఉన్నారు, నేను లేను. నాన్నకు వేసుకున్నానని చెప్పాను. నొప్పి లేదు కాబట్టి జబ్బూ లేదనుకున్నాను. లోపల ఏ నొప్పీ లేకుండానే పాడవుతోంది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక అందరి మీదా చూపాను.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక నీ ఉత్తరం వచ్చింది. "మానెయ్" అన్న మాట చదవగానే నాకెంత హాయిగా ఉందో తెలుసా? అందుకే భయమేసింది. డాక్టరమ్మ ఎంత చెప్పినా, నువ్వు ఇంకోసారి ఆ మాట అంటే నేను మానేస్తాను. నాకు తెలుసు.

ఆ మాట వెనక్కి తీసుకో. ఇక నుంచి రాసే ఉత్తరంలో బాగున్నావా అని అడగొద్దు, మాత్రలు వేసుకున్నావా అని అడుగు. నేను కసురుకుంటాను, నోటికొచ్చింది రాస్తాను. అయినా అడుగు.

ఇట్లు,
నీ పెంకి కూతురు